పాటల పుస్తకం పంపుతున్నాను

చిరంజీవి అమ్మలుకి,

ఆశీర్వదించి అమ్మ రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది, తగ్గలేదని ఆయన అంటారు గాని. నువ్వు ఫోను తీయడం లేదని కోపగించి రాస్తున్న ఉత్తరం కాదిది. పని ఒత్తిడి ఉంటుందని నాకు తెలియనిది కాదు. నిన్న రాత్రి మాయాబజార్ మళ్ళీ చూశాను. చూశాక నీతో చెప్పుకోకపోతే ఆ సినిమా సగంలో ఆగిపోయినట్టే ఉంటుంది నాకు. అందుకని కాగితం ముందేసుకుని కూర్చున్నాను, అంతే.

ఈసారి నా చూపంతా మాయా శశిరేఖ మీదే, ఎస్వీ రంగారావు వేసిన ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాడు చూడు, ఆ వేషం మీదే నిలిచిపోయింది. ఆ పెళ్ళిపాటలో సుశీల గొంతు వినిపించినంతసేపూ సావిత్రి సిగ్గుపడే పెళ్ళికూతురు. ఘంటసాల గొంతు అందుకోగానే భుజాలు విచ్చుకుంటాయి, గడ్డం పైకి లేస్తుంది, అడుగు బరువెక్కుతుంది, ఆ చీరా నగలూ అలాగే ఉండగా ఎదురుగా నిలబడింది ఎస్వీ రంగారావేనని మనకి అనిపిస్తుంది. మళ్ళీ ఎవరో చూస్తున్నారనగానే అంతా ఎక్కడిదక్కడ సర్దుకుంటుంది. 1957లో వచ్చిన సినిమా అది, అప్పటికామె ఇంకా ఇరవైల్లోనే ఉంది. రంగారావు నడకనీ, కనుబొమనీ, నవ్వునీ ఎంత శ్రద్ధగా గమనిస్తే ఆ నటన సాధ్యమవుతుందో ఆలోచించు. ఒక నటి మరో నటుడి మీద తన అభిమానాన్ని తెర మీదే ప్రకటించుకున్నట్టు ఉంటుంది నాకు. నువ్వు పదో తరగతిలో ఉండగా అద్దం ముందు ఆ నడక నడిచి చూపించి, చీర కాళ్ళకు అడ్డం పడి మంచం కోడుకి గుద్దుకున్నావు. ఆ మచ్చ ఇంకా ఉందా?

సుబ్బు పిన్ని మొన్న వచ్చింది, ఏదో చెప్పింది. నేను ఆ సంగతి అడగడానికి రాయడం లేదు. పిన్ని మాటల్లో సగం తీసేయాలని మీ నాన్నగారే అంటారు. కాని ఆ మిగిలిన సగమైనా నిజమే అయితే, మీ పాత సినిమాల ఆదివారం సమావేశంలో ఎవరో సావిత్రి జీవితం గురించి ‘చేజేతులా చేసుకుంది’ అన్నారనీ, నువ్వు నాలుగు మాటలు అనేసి లేచి వచ్చేశావనీ, ఇక ఆ గుమ్మం తొక్కనన్నావనీ అర్థమవుతోంది. అప్పటినుంచే నీ ఫోను మూగబోయిందన్నది నేను వేసుకున్న లెక్క. తప్పయితే తప్పని చెప్పు.

అలా అన్నవాళ్ళ మాట నాకూ నచ్చలేదు. 1968లో ‘చిన్నారి పాపలు’కి దర్శకత్వం వహించి, సంగీతం పి. లీల చేత చేయించి, ఆడవాళ్ళతో సినిమా తీయవచ్చునని నిలబడిన మనిషి ఆవిడ. మూగమనసులును తమిళంలో ‘ప్రాప్తం’గా తీసి నష్టపోయింది. ఆ నష్టాన్నే పట్టుకుని మాట్లాడేవాళ్ళకి దేవదాసులో పార్వతి, నర్తనశాలలో సైరంధ్రి ఎందుకు గుర్తు రారో నాకు తెలియదు. అయితే అమ్మలూ, 1981లో కన్నుమూసిన మనిషికి ఇవాళ ఒకరి నోటి మాట వల్ల తగ్గేదేమీ లేదు, నువ్వు గొంతు చించుకున్నంత మాత్రాన పెరిగేదీ లేదు. ఆ ఆదివారమే అక్కడ మూగమనసులు వేయించి, చివరి వరకూ కూర్చోబెట్టి, ఆ తరువాత మాట్లాడమనవలసింది. ఉపన్యాసం ఇవ్వనని నాకు నేనే ఒట్టు పెట్టుకుని మొదలుపెట్టాను. ఇక్కడికి ఆపుతాను.

మీ పెద్దమామయ్యా, చిన్నతాతయ్యా మాట్లాడుకోకుండా ఉన్న రోజుల గురించి నీకు ముక్కలు ముక్కలుగా చెప్పి ఉంటాను, వరసగా ఎప్పుడూ చెప్పలేదు. మామయ్యది రామారావు పక్షం, తాతయ్యది నాగేశ్వరరావు పక్షం. గుండమ్మకథ మళ్ళీ ఆడుతోందని ఇద్దరూ కలిసే వెళ్ళారు, దారిలో మాటా మాటా పెరిగింది. కిరీటం తీసేస్తే మీవాడి దగ్గర ఏం మిగులుతుందిరా అన్నాడు తాతయ్య. సీసా లాగేస్తే మీవాడి దగ్గర మాత్రం ఏం మిగులుతుంది అన్నాడు మామయ్య. పినతండ్రి అని కూడా చూడకుండా అంత మాట అన్నందుకు మా అమ్మ నెత్తి కొట్టుకుంది. హాల్లో ఇద్దరూ వేరు వేరు వరసల్లో కూర్చున్నారు, వేరు వేరు దారుల్లో ఇళ్ళకు వచ్చారు. ఆ ఇద్దరు నటులూ పల్లెటూరి పిల్ల మొదలుకుని పద్నాలుగు సినిమాల్లో హాయిగా కలిసి నటించారు. వాళ్ళ కోసం మావాళ్ళు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు.

చిక్కేమిటంటే పాటల పుస్తకాలు ఇద్దరివీ ఉమ్మడి. సగం ఈ ఇంట్లో, సగం ఆ ఇంట్లో. నీకు తెలుసుగా, పల్చటి కాగితం, అట్ట మీద రంగు వెలిసిన బొమ్మ, లోపల తారాగణం, కథ సగం దాకా చెప్పి ‘తరువాయి వెండితెరపై చూడండి’ అని ముగింపు, ఆ పైన పాటలు. ఒకరికి కావలసిన పుస్తకం రెండోవారి దగ్గర ఉంటే తెచ్చిపెట్టే ఉద్యోగం నాది. ఒకనాడు తాతయ్య దగ్గరినుంచి వచ్చిన పుస్తకంలో, పాట పక్క ఖాళీ జాగాలో, పెన్సిల్‌తో సన్నగా ‘ఇక్కడ ఆయన కళ్ళు చూశావా?’ అని రాసి ఉంది. మామయ్య నా ముందే పెన్సిల్ చెక్కి, కింద జవాబు రాసి, వెంటనే తిరిగి ఇచ్చి రమ్మన్నాడు. అది మొదలు. దేవదాసు పుస్తకంలో మామయ్య ‘దగ్గు బాగుంది’ అని రాస్తే, తాతయ్య దాన్ని రెండుసార్లు కొట్టేసి ‘ఏడుపు రాకపోతే నీ గుండె పరీక్ష చేయించుకో’ అని రాశాడు. పాతాళభైరవి పుస్తకంలో, 1951 నాటిది, తారాగణం పక్కన తాతయ్య అక్షరాలు నాకిప్పటికీ గుర్తే: ‘ఇందులో కథానాయకుడు నేపాళ మాంత్రికుడు.’ ఆ మాంత్రికుడు రంగారావు. రామారావు వేసిన తోటరాముణ్ణి అంత మాటంటే మామయ్య పుస్తకం చింపేస్తాడనుకున్నాను. చాలాసేపు చూసి, దాని కింద ‘ఒప్పుకుంటాను’ అని రాశాడు. ఇంట్లో వాళ్ళు మాత్రం వీళ్ళిద్దరికీ మాటలు లేవనే అనుకుంటూ ఉండేవారు.

1974 జూలైలో రంగారావు పోయారని పేపర్లో వచ్చింది. మామయ్య ఆ పేపరు నా చేతికి ఇవ్వలేదు. చొక్కా వేసుకుని తనే వెళ్ళాడు, వెనకాలే నేనూ వెళ్ళాను. తాతయ్య అరుగు మీద అదే వార్త చదువుతున్నాడు. జకార్తాలో నర్తనశాల కీచకుడి వేషానికి బహుమతి ఇచ్చినప్పుడు ఇక్కడ మనవాళ్ళు ఆయనకి ఏమిచ్చారురా అన్నాడు, తలెత్తకుండానే. మామయ్య పక్కన కూర్చున్నాడు. ఘటోత్కచుడు, కీచకుడు, ఎన్నని చెప్పుకుంటాం, ఒక్కొక్కటే తలుచుకుంటూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నారు. మర్నాటికి కీచకుడు గొప్పా మాంత్రికుడు గొప్పా అని వీధంతా వినబడేటట్టు దెబ్బలాట మొదలైంది. పెన్సిల్ ఉద్యోగం పోయినందుకు నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

ఇదంతా ఎందుకు చెప్పానో నువ్వే గ్రహించగలవు. వాళ్ళిద్దరి మధ్యా తిరగడానికి నేనున్నాను. నువ్వు ఆ ఆదివారం వాళ్ళతోనూ మాట్లాడవు, నాతోనూ మాట్లాడవు. మీ సమావేశానికి కన్నాంబ గురించి చెప్పే పెద్దావిడ వస్తుందన్నావే, పల్నాటి యుద్ధం వచ్చిన 1947లోనే హాల్లో చూసినావిడ, అందులో కన్నాంబ నాయకురాలు నాగమ్మగా సభలో నిలబడి మాట్లాడిన తీరు కూర్చున్నచోటి నుంచే చేసి చూపిస్తుందని నువ్వే మురిసిపోయి చెప్పావు. ఆవిడ నీకేం అపకారం చేసింది? ఆ వయసు మనిషి ఆదివారం వచ్చి, నువ్వు కూర్చునే చోటు చూసి, ఎవరినని అడుగుతుంది? ఒక్కరి నోటి దురుసుకి మిగిలిన అందరినీ వదిలేసుకోవడం నాకు సబబుగా తోచలేదు.

నువ్వు భానుమతి పేరెత్తుతావని తెలుసు. నిర్మాత చక్రపాణిగారితో మాట పట్టింపు వచ్చి ఆవిడ మిస్సమ్మ వదిలేసి వెళ్ళిపోలేదా అంటావు. వెళ్ళింది. రెండో వేషానికి అనుకున్న సావిత్రికి కథానాయిక మేరీ వేషం దక్కింది, సావిత్రి వేషం జమునకు వెళ్ళింది. కాబట్టి నీ సావిత్రి పైకి రావడంలో మా భానుమతి కోపానికి కూడా వాటా ఉందని ఎన్నిసార్లు చెప్పినా నువ్వు ఒప్పుకోవు. అయితే భానుమతి సంగతి వేరు. అప్పటికే భరణి సినిమా సంస్థ ఆవిడ చేతిలో ఉంది, 1953లోనే చండీరాణిని మూడు భాషల్లో తీసింది, పాట తనది, కలం తనది. అక్కడినుంచి లేచివస్తే ఇంటిదగ్గర చేతినిండా పని ఉన్న మనిషి. నువ్వు లేచి వచ్చి ఏం చేస్తున్నావు? గది తలుపు వేసుకుని, ఫోనులో చిన్న తెర మీద, అర్ధరాత్రి దాకా అవే సినిమాలు ఒక్కదానివే చూస్తున్నావని పిన్ని కూతురు చెప్పింది. ఆ చిన్న తెర మీద సావిత్రి కళ్ళు ఏం కనిపిస్తాయే? నీ కళ్ళు పోతాయి. కళ్ళజోడు నంబరు మారిందేమో చూపించుకో, చూపించుకున్నాక చీటీ ఫోటో తీసి పంపు.

సూర్యకాంతం గురించి రాయాలనుకున్నాను, చోటు లేదు. ఒక్క మాట. రామారావు, నాగేశ్వరరావు, రంగారావు, సావిత్రి, జమున, ఇంతమందిని పెట్టుకుని కూడా సినిమాకి ఆవిడ వేసిన గుండమ్మ పేరే పెట్టారంటే ఆ ఎడమచేతి విసురుకి ఎంత విలువుందో చూడు. మీ అత్తయ్య ఎప్పుడైనా అలా చెయ్యి విసిరితే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆవిడతో అనకు.

ఈ ఉత్తరంతో పాటు మిస్సమ్మ పాటల పుస్తకం పంపుతున్నాను. అట్ట ఊడిపోయింది, దారంతో కుట్టాను, లాగకు. మేరీ వేషం భానుమతే వేసి ఉంటే ఎలా ఉండేదో నా అభిప్రాయం రెండో పాట పక్కన పెన్సిల్‌తో రాశాను. నువ్వు భరించలేవని తెలిసే రాశాను. కింద జాగా వదిలాను. పెన్నుతో రాయకు, కాగితం పల్చన, అవతలి వైపుకి దిగుతుంది. రాశాక స్పీడ్ పోస్టులో పంపు, మామూలు పోస్టులో వద్దు. ఆ పెద్దావిడకు కూడా ఒకసారి చూపించిన తరువాత పంపినా నాకు తొందరేమీ లేదు.

వేళకు తిను. రాత్రి పదకొండు దాటితే ఫోను అవతల పెట్టు, పొద్దున్న మాత్రం నేను చేసినప్పుడు తీయి.

ఆశీస్సులతో,
అమ్మ