నేరీలో ఒక సమాధి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మన గ్రౌండులో స్కౌట్ పిల్లలు సుద్దముక్కతో గుర్తులు గీస్తూ జాడ పట్టే ఆట ఆడటం మీరు చూసే ఉంటారు. అందులో చివరి గుర్తు, సున్నా చుట్టి మధ్యలో పెట్టే చుక్క. 'నేను ఇంటికి వెళ్లిపోయాను' అని దానర్థం. ఈ సెలవుల్లో ఆ గుర్తునే ఒక సమాధిరాయి మీద చూశాను.

కెన్యాలో నైరోబీకి ఉత్తరాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలో నేరీ అనే పట్నం ఉంది. 1941 జనవరి 8న స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ అక్కడే కన్నుమూశారు. సెయింట్ పీటర్స్ చర్చి శ్మశానంలో ఆయన సమాధి ఉంది. భార్య ఓలేవ్ 1977లో ఇంగ్లండులో పోతే, ఆమె చితాభస్మాన్నీ ఇక్కడికే తెచ్చారు. ఎదురుగా 5,199 మీటర్ల కెన్యా పర్వతం. నేను వెళ్లిన రోజు మాత్రం మబ్బులే కనిపించాయి!

అదే శ్మశానంలో మన కుమావూ అడవుల్లో మనుషుల్ని తినే పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్ కూడా ఉన్నారు. బేడెన్ పావెల్ ఆఖరి రోజులు గడిపిన 'పాక్స్‌టు' అనే చిన్న ఇంట్లోనే తర్వాత కార్బెట్, ఆయన అక్క ఉన్నారు. ఎనిమిదో తరగతిలో ఈ మాట చెప్పడమే నా పొరపాటు, మిగతా పీరియడంతా పులుల మీదే ప్రశ్నలు.

ఒక అమ్మాయి మాత్రం వేరే ప్రశ్న అడిగింది: "ఆయన బ్రిటిష్ సైన్యంలో పనిచేశాడు కదా సార్, మనకెందుకు?" నేనేమీ దాచలేదు. 1909లో మన దేశంలో స్కౌటింగ్ మొదలైనప్పుడు భారతీయ పిల్లల్ని చేర్చుకోలేదు. అందుకే అనీబిసెంట్ మద్రాసులో విడిగా ఒక సంఘం పెట్టవలసి వచ్చింది. మరోవైపు, 1907లో బ్రౌన్‌సీ దీవిలో జరిగిన మొదటి క్యాంపులో ఇరవై మంది అబ్బాయిలు ఉన్నారు. పెద్దింటి పిల్లల్నీ కూలీల పిల్లల్నీ కలిపి చిన్న జట్లుగా (స్కౌట్ల మాటలో 'ప్యాట్రోల్'లుగా) వేశాడాయన. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆ అమ్మాయికి నా జవాబు పూర్తిగా నచ్చినట్టు లేదు, పోనీలెండి.

ఫిబ్రవరి 22 ఆయన పుట్టినరోజు. ఆ రోజు సాయంత్రం స్కౌట్లు, గైడ్లు గ్రౌండులో మీకోసం ఒక జాడ వేసి ఉంచుతారు. గేటు దగ్గర మొదటి బాణం ఉంటుంది. దయచేసి నడవడానికి వీలైన చెప్పులు వేసుకుని రండి.

మీ ప్రధానోపాధ్యాయుడు