బ్లీచింగ్ గీతలు చాలవు: మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

వాన పడితే చాలు, మా వార్డులో డ్రైన్ల అంచున తెల్లగా బ్లీచింగ్ పౌడర్ గీతలు పడతాయి. ఫొటోకు బాగానే ఉంటాయి. కానీ మట్టి, చెత్త తగలగానే క్లోరిన్ బలం వాటి మీదే ఖర్చయిపోతుంది. కోవిడ్ సమయంలో వీధుల్లో క్రిములను చంపే మందు చల్లడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020 మేలో వద్దంది. పూడిక తీయకుండా పౌడర్ చల్లడమంటే స్నానం మానేసి సెంటు కొట్టుకోవడమే.

మందే వద్దనడం లేదు. మరుగుదొడ్లకు, ఆసుపత్రి గదులకు కావాల్సిందే. ముందు సబ్బునీళ్లతో కడిగి, తర్వాత హైపోక్లోరైట్ (క్రిములను చంపే క్లోరిన్ మందు) ద్రావణం వేసి, డబ్బా మీద రాసినంతసేపు తడిగా ఉంచాలి. వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ. పబ్లిక్ టాయిలెట్లలో యాసిడ్, బ్లీచింగ్ కలిపేస్తున్నారు. దాంతో క్లోరిన్ వాయువు వస్తుంది. పీల్చేది గ్లవ్స్ కూడా లేని కార్మికులు!

వాడగా మిగిలిన మందంతా డ్రైన్ల వెంట చెరువుకే. చాలా క్లీనర్లలో క్రిములను చంపడానికి వాడే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే రసాయనం చేపలకు విషం.

ఏటా ఎంత పౌడర్ కొన్నారో వార్డులవారీగా బోర్డు మీద పెట్టించండి. అందులో కొంత డబ్బు పూడికతీతకు మళ్లించండి. గ్లవ్స్ మాత్రం ఈ వారమే ఇప్పించండి.

ఇట్లు,
మీ పట్టణ పౌరుడు