మంత్రి గారూ, బీపీతో పాటు చెవి కూడా చూడమనండి

రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి నమస్కారాలు.

పోయిన వానాకాలం నాకు జ్వరం వచ్చింది. చంకలో థర్మామీటరు పెట్టుకుని కూర్చున్నాను. ఎంతకీ మోగదు. పాడైపోయిందని విదిలించబోతుంటే, పక్కన హోంవర్కు రాసుకుంటున్న మనవరాలు తలెత్తకుండానే "తాతయ్యా, అది ఎప్పుడో మోగింది" అంది.

నాకు అరవై మూడేళ్లు. అప్పటిదాకా నా చెవులు భేషుగ్గా ఉన్నాయనీ, ఇంట్లోవాళ్లే ఈమధ్య గొణుగుతున్నారనీ అనుకునేవాణ్ణి. "పాలు తెచ్చారా" అని మా ఆవిడ అడిగితే "కాలు తగ్గిందిలే" అన్నానట. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఎందుకో తెలియకుండానే నేనూ నవ్వాను.

గాజువాక వైపు ఒక వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేశాను. గ్రైండరు, సమ్మెట, ఇనుప రేకులు. అక్కడ ఏటా వైద్య పరీక్ష ఉండేది. కళ్లకు అక్షరాల బోర్డు, చేతికి బీపీ పట్టీ, వేలికి సూది. చెవుల వంతు వచ్చేసరికి వెనక నుంచి పేరు పెట్టి పిలిచేవారు. "ఆఁ" అంటే పరీక్ష అయిపోయినట్టే.

అసలు పరీక్ష థర్మామీటరు పుణ్యమా అని ఇప్పుడు జరిగింది. బయటి చప్పుడు రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. కూత వినబడినప్పుడల్లా నొక్కాలి. అరగంట పట్టలేదు. కాగితం మీద గీత కొంతదూరం తిన్నగా నడిచి, 4000 హెర్ట్జ్ అనే సన్నని కూత దగ్గర గోతిలో పడింది. మోతలో పనిచేసిన చెవికి అదే ఆనవాలట. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కేశకణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. లావు శబ్దాలు వినబడుతూనే ఉంటాయి, పిలిస్తే పలుకుతాం. స, త, క లాంటి సన్నని చప్పుళ్లే ముందు జారిపోతాయి. అందుకే ఎవరికి వారికి తెలియదు.

మోత వల్ల వచ్చే చెవుడును 1948 నాటి కర్మాగారాల చట్టం ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. కర్మాగారాలు మీ శాఖ కిందికి రావని తెలుసు. చెవులు వస్తాయి కదా!

ముప్పై దాటినవారికి ప్రభుత్వమే బీపీ, షుగరు చూపిస్తోంది. ఆ వరుసలోనే చెవికీ ఒక కుర్చీ వేయించండి. యాభై దాటిన అందరికీ మూడేళ్లకోసారి, మోతలో పనిచేసేవారికి వయసుతో పని లేకుండా ఏటా. గాజువాక, మల్కాపురం పట్టణ ఆరోగ్య కేంద్రాలతో మొదలుపెట్టవచ్చు. కొందరికి గుబిలి తీస్తే చాలు, ఆ సంగతి తేలడానికైనా ఎవరో ఒకరు చూడాలి. మిగిలినవారికి మిషను కావాలి, పెట్టుకోవడానికి ధైర్యమూ కావాలి. కళ్లద్దాలు పెట్టుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. చెవి మిషను పెట్టుకుంటే మాత్రం చెవిటి మాలోకం. మా స్నేహితుడొకడు కొన్న మిషనును బీరువాలో దాచాడు. నలుగురిలోకి రావడమే మానేశాడు. పెద్దవయసు మతిమరుపు జబ్బుకు మనం అడ్డుకోగలిగిన కారణాల్లో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2017లోనే చెప్పింది. వాడి గురించే నా బెంగ.

మీరు జవాబు ఇవ్వదలిస్తే దయచేసి ఉత్తరం రాయించండి. ఫోనులో మాట నాకు సగమే అందుతోంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టరు,
గాజువాక, విశాఖపట్నం