టైరు మీది అంకె హద్దు మాత్రమే

అయ్యా,

రోడ్ సైకిలు టైరు పక్కన ‘గరిష్ఠం 120 పీఎస్‌ఐ’ (పీఎస్‌ఐ అంటే గాలి ఒత్తిడికి కొలత) అని ఉంటే చాలామంది సరిగ్గా అంతే గాలి కొడుతున్నారు. అది ఆ టైరు తట్టుకోగల హద్దు. ఎక్కేవారి బరువు టైరు చేసినవారికి తెలియదు కదా! 50 కిలోల మనిషికీ 95 కిలోల మనిషికీ ఒకే గాలి ఎలా కుదురుతుంది?

మొదట చూడాల్సింది మనిషి, సైకిలు, సామాను కలిపి మొత్తం బరువు. తర్వాత టైరు వెడల్పు. దాన్ని గాలి నింపాక కొలవాలి, ఎందుకంటే వెడల్పాటి రిమ్ము మీద 25 మి.మీ. టైరు 27 దాకా విచ్చుకుంటుంది. ట్యూబు వేసిన టైర్లతో, మామూలు తారు రోడ్డు మీద, 70 కిలోల మనిషి 25 మి.మీ. టైరుకు వెనక 85, ముందు 80 పీఎస్‌ఐతో మొదలుపెట్టవచ్చు. 28 మి.మీ. అయితే 72, 67 చాలు. వెనక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టే ఈ తేడా. బరువులో ప్రతి 5 కిలోలకు సుమారు 4 పీఎస్‌ఐ పెంచాలి, లేదా తగ్గించాలి. రోడ్డు తడిగా ఉంటే మరో నాలుగైదు తగ్గిస్తే పట్టు బాగుంటుంది.

టైరు ఎంత గట్టిగా ఉంటే అంత వేగం అన్న నమ్మకం నున్నటి నేల మీదే నిజం. గరుకు రోడ్డు మీద గాలి ఒక స్థాయి దాటాక సైకిలు ఎగిరెగిరి పడుతుంది. తొక్కిన బలంలో కొంత ముందుకు పోకుండా ఒంటి కుదుపుల్లో ఖర్చవుతుంది. మలుపులో టైరు నేలను వదిలేస్తుంది కూడా. మరీ తగ్గిస్తే ఇంకో చిక్కు: గుంత అంచు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నొక్కుకుని, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలాంటి పంక్చర్ కనబడితే 5 పీఎస్‌ఐ పెంచండి.

హుక్‌లెస్ రిమ్ములు, అంటే టైరును పట్టి ఉంచే కొక్కెం లాంటి మడత అంచున లేనివి, వాడేవారికి మాత్రం ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వాటికి ప్రమాణాలు పెట్టిన హద్దు 5 బార్లు, అంటే 72.5 పీఎస్‌ఐ. టైరు మీద అంతకన్నా పెద్ద అంకె ఉన్నా దాన్ని దాటకూడదు. రిమ్ము తయారీదారు ఇంకా తక్కువ చెబితే అదే పాటించాలి. ఆ రిమ్ములకు పనికొస్తుందని రాసి ఉన్న టైరునే ఎక్కించాలి. అంచున కొక్కెం లేదు కనుక గాలి మించితే టైరు ఊడివస్తుంది.

బొటనవేలితో నొక్కి చూస్తే 70కీ 100కీ తేడా తెలియదు, గేజి ఉన్న పంపే కావాలి. ప్రెస్టా వాల్వుకు (రోడ్ సైకిళ్లకు ఉండే సన్నటి వాల్వు) పైనున్న చిన్న మరను విప్పి, ఒకసారి నొక్కి వదిలాక పంపు బిగించండి. వాల్వు తెరుచుకునేదాకా గేజిలో కనిపించేది గొట్టంలోని ఒత్తిడే కాబట్టి, ఒక తోపు తోసి అప్పుడు అంకె చూడండి. బ్యూటైల్ ట్యూబుకు (మామూలు నల్ల రబ్బరు ట్యూబు) వారానికోసారి చూసినా ఫరవాలేదు. లేటెక్స్ ట్యూబులో గాలి రాత్రికి రాత్రే దిగిపోతుంది, ఎక్కే ముందు ప్రతిసారీ చూడాల్సిందే.

ఇట్లు,
ఒక పాఠకుడు