డిక్కీ ఎత్తి చూసుకోండి, స్టెప్నీ ఉందో లేదో

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన నెల ఒక ఆదివారం పాతపట్నం నీలమణి దుర్గమ్మ దర్శనానికి వెళ్ళి, అక్కడే మా పెద్దక్క ఇంట్లో భోంచేసి, సాయంత్రం కాస్త ఆలస్యంగా టెక్కలి బయల్దేరాం, నేను, మా ఆవిడ, మా అమ్మ, ఇద్దరు పిల్లలు. మెళియాపుట్టి దాటేసరికి చీకటి పడిపోయింది. ఎదురొచ్చే లారీ లైటు కళ్ళల్లో కొడుతుంటే కొంచెం ఎడమ పక్కకి దింపాను, టప్ మని శబ్దం, డాష్‌బోర్డు మీద గుర్రపునాడాలో ఆశ్చర్యార్థకం పెట్టినట్టు పసుపు లైటొకటి వెలిగింది, అదేంటో అర్థమయ్యేలోపే బండి ఎడమకి లాగేస్తోంది.

కారు కొని ఎనిమిది నెలలు. డిక్కీలో సామాన్లన్నీ, అక్క కట్టిచ్చిన పనసకాయతో సహా, రోడ్డు పక్కన దించి అడుగు చాప ఎత్తితే చక్రం ఉండాల్సిన గుంటలో థర్మాకోల్ పెట్టె ఒకటి ఉంది. అందులో చేతిలో పట్టేంత గాలి మిషను, టైరు చిల్లు పూడ్చే మందు సీసా ఒకటి. స్టెప్నీ లేదు, జాకీ లేదు, పానా లేదు. ఎనిమిది నెలలుగా నేను ఆ చాప ఎత్తి చూడలేదు, అది నా తప్పే, దాచుకోను. కానీ షోరూంలో డెలివరీ ఇచ్చిన రోజు రిబ్బను కట్టారు, కేకు కోయించారు, పాటల సిస్టం ఎలా వాడాలో అరగంట చెప్పారు, స్టెప్నీ రాదన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఫోన్ లైటు వేసి మాన్యువల్ తీసి చదివితే తెలిసిందేంటంటే ఆ మందు టైరు నేలకి ఆనే చోట పడ్డ చిల్లుకే పనిచేస్తుంది, అదీ నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదు, ఎక్కించాక కూడా ఎనభై స్పీడు మించకుండా దగ్గర్లో ఉన్న పంచర్ షాపుకి పోవాలి. మా టైరు చూస్తే పక్క గోడ కోసుకుపోయి ఉంది, వేలు దూరుతోంది. అప్పుడే ఆటో ఒకటి ఆగింది. డ్రైవరు దిగి చూసి "ఏటి బావూ, కారుకి స్టెప్నీ నేదా? మా ఆటోకే ఉంటాది గదా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పాపం అతనే అమ్మని, ఆవిడని, పిల్లల్ని టెక్కలి చేర్చాడు. నేను బండి దగ్గరే ఉండిపోయాను, బండిని ఎత్తుకెళ్ళే వ్యాను వచ్చేసరికి రాత్రి పదకొండున్నర, మూడు వేలు వదిలాయి.

ఇంటికొచ్చాక కంపెనీని తిట్టుకుంటూ వెతికితే కంపెనీ రూలు తప్పలేదని తెలిసింది. 2020 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలు మార్చింది, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. డ్రైవర్‌తో కలిపి తొమ్మిది సీట్లు, మూడున్నర టన్నుల బరువు దాటని బండికి ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సార్లు, రిపేర్ కిట్టు ఉంటే చాలు, స్టెప్నీ ఇవ్వక్కర్లేదు. డిక్కీలో చోటు కలిసొస్తుందని, కరెంటు బండ్లలో పెద్ద బ్యాటరీ పెట్టుకోవచ్చని కారణం చెప్పారు. తమాషా ఏంటంటే స్టెప్నీ అన్న మాట పుట్టిందే కార్లకి అదనపు చక్రం ఇవ్వని రోజుల్లో, 1904లో వేల్స్ దేశంలో లానెల్లీ అనే ఊళ్ళో, స్టెప్నీ వీధిలో షాపు పెట్టుకున్న అన్నదమ్ములు ఆ చక్రం తయారుచేసి అమ్మారు. నూటపదహారేళ్ళు తిరిగి అక్కడికే వచ్చాం.

మేకు దిగిన చిల్లుకి ఆ కిట్టు సరిపోతుంది, కాదనను. కానీ మా వైపు రోడ్లు చూడండి. టెక్కలి, మెళియాపుట్టి, కోటబొమ్మాళి చుట్టూ గ్రానైట్ క్వారీలు, రాళ్ళ లారీలు రాత్రీ పగలూ తిరుగుతాయి, పైన కప్పే పట్టా ఉండదు, మలుపు తిరిగిన ప్రతిచోటా ముక్కలు జారి అంచున పడతాయి. ఆ ముక్క బ్లేడు లాంటిది, టైరు పక్క గోడని కోసేస్తుంది, దానికి మందూ లేదు, ప్యాచీ లేదు, టైరు మార్చడమే. ఇవి చాలక నూర్పుల రోజుల్లో ధాన్యం రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు, ధాన్యం ఎత్తుకెళ్తారు, రాళ్ళు అక్కడే. రైతుకి కళ్ళం లేక ఆ పని చేస్తున్నాడు, అతన్ని అని లాభం లేదు, కళ్ళాలు కట్టించాల్సినవాళ్ళని అడగాలి.

జాతీయ రహదారి మీద అయితే 1033కి ఫోన్ చేయొచ్చు, టోల్ గేట్ల దగ్గర క్రేన్లు, పెట్రోలింగ్ బండ్లు ఉంటాయి, అంటే మడపాం గేటు దగ్గర ఆగిపోయినవాడికి ఒక దారి ఉంది. లోపల ఆర్ అండ్ బీ రోడ్డు మీద ఆగినవాడికి ఏముంది? దారినపోయే ఆటోవాడి మంచితనం ఒక్కటే. లోపలి రోడ్లకి కూడా అలాంటి నంబరొకటి పెట్టి, కనీసం టెక్కలి, పాతపట్నం లాంటి చోట్ల ఒక్కో బండి ఉంచమని జిల్లా అధికారులని అడుగుతున్నాను. పట్టా లేకుండా తిరిగే రాళ్ళ లారీలకి ఫైన్ వేయండి, వారానికోసారైనా రోడ్డు అంచులు ఊడిపించండి. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలి, మా దారిలో ఒక బంకులో ఆ మిషను మీద "రిపేరు" అని రాసిన అట్ట ఎన్నాళ్ళ నుంచి వేలాడుతోందంటే అట్ట కూడా వెలిసిపోయింది. ఇక షోరూం వాళ్ళు స్టెప్నీ లేదన్న సంగతి బిల్లు మీదే పెద్ద అక్షరాలతో రాయాలి, కావాలంటే రేటు కట్టించుకుని చక్రం ఇవ్వాలి.

ఇవన్నీ జరిగేదాకా నేనేం చేశానంటే, మా బండికి సరిపోయే పాత రిమ్ము ఒకటి వెతికి (నట్టు బెజ్జాల కొలత, టైరు సైజు రెండూ కలవాలి) దానికి టైరు వేయించి డిక్కీలో పడేశాను. జాకీ, పానా విడిగా కొన్నాను, వాటితో ఒక ఇనప గొట్టం కూడా, ఎందుకంటే షాపులో గాలి గన్నుతో బిగించిన నట్లు ఉత్త చేత్తో రావు, పానాకి గొట్టం తొడిగి తొక్కితేనే కదుల్తాయి. జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే, నట్లు వదులు చేసుకోవాలి, ఇది నాకు మా ఊరి పంచర్ షాపు కుర్రాడు చెప్పాడు, పెరట్లో ఒకసారి మార్చి చూశాను, నలభై నిమిషాలు పట్టింది, మా అబ్బాయి స్టాప్‌వాచ్ పెట్టాడు. కిట్టులో సీసాకి ఎక్స్‌పైరీ డేటు ఉంటుంది, అదీ చూసుకోండి. స్టెప్నీ ఉన్నవాళ్ళు మురిసిపోకండి, దాంట్లో గాలి ఉందో లేదో ఎప్పుడు చూశారో గుర్తు చేసుకోండి.

కోసుకుపోయిన ఆ టైరు పారేయలేదు, మా వసారాలోనే ఉంది. అధికారులెవరైనా చూస్తామంటే టెక్కలి రావచ్చు, దాంట్లో ఇరుక్కున్న రాతి ముక్క కూడా దాచి ఉంచాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా