కార్తీకి, అమ్మ రాస్తున్న ఉత్తరం

రాజమండ్రి,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి కార్తీకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకు షుగర్ అదుపులోనే ఉంది. బామ్మ గదికి సున్నం వేయించాం. నీ పాత కీబోర్డు మీద దుమ్ము పడకుండా నా వెంకటగిరి చీర కప్పాను. నువ్వు ఫోన్ చేసి మూడు వారాలైంది. చదువు ఒత్తిడిలో ఉండి ఉంటాడులే అంటున్నారు నాన్న. నేనూ అదే అనుకుంటున్నాను.

మొన్న సత్యవతి అత్తయ్య వచ్చింది. లండన్‌లో ఏదో పబ్బులో నువ్వు బ్యాండ్‌తో వాయిస్తుంటే వాళ్ళ పవన్ చూశాడట. జుట్టు భుజాల దాకా పెంచావట, బాగా చిక్కిపోయావట. “కాలేజీ మానేశాడా వదినా?” అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక కాఫీ కలుపుతానని లోపలికి వెళ్ళిపోయాను. సరే, ఆ సంగతి అలా ఉంచు.

నీ గది దులుపుతుంటే గోడ మీద రిక్ వేక్‌మన్ పోస్టర్ ఒక మూల ఊడి వేలాడుతోంది. మళ్ళీ అంటించాను. పదో తరగతి నుంచీ ఆ మెరిసే అంగీ మనిషిని రోజూ చూశాను గానీ ఎవరో ఏమిటో ఎన్నడూ అడగలేదు. ఇంగ్లండ్‌లో పేరున్న రాక్ కీబోర్డు వాద్యకారుడట. ఈ వారం కూర్చుని ఆయన గురించి చదివాను, పాటలు విన్నాను.

ఏడేళ్ళప్పుడు పియానో మొదలుపెట్టాడట. 1968లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరాడు. 1969లో బయటికి వచ్చేశాడు. స్టూడియోల నుంచి పిలుపులు ఎక్కువై చదువు సాగలేదు. ఇది చదివినప్పుడు నా గుండె ఝల్లుమంది. నువ్వూ ఇదే చదివి ఉంటావు కదా. కానీ నాన్నా, ఆ తర్వాత ఆయన ఏం చేశాడో కూడా చూడు. డేవిడ్ బౌవీ అనే గాయకుడి పాట ‘స్పేస్ ఆడిటీ’లో మెలోట్రాన్ అనే కీబోర్డు వాయించాడు. అందులో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుందట, మెట్టు నొక్కితే ఆ టేపు తిరిగి వయొలిన్లు మోగుతాయి, ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది. అంత ఇబ్బంది పెట్టే వాద్యాన్ని లొంగదీశాడంటే ఎంత సాధన చేసిన చెయ్యి! బౌవీదే ఇంకో పాట ‘లైఫ్ ఆన్ మార్స్?’లో పియానో ఈయనదే. 1971లో ‘యెస్’ అనే రాక్ బ్యాండ్‌లో చేరాక బ్రాహ్మ్స్ అనే పాతకాలపు జర్మన్ స్వరకర్త నాలుగో సింఫనీలో ఒక భాగాన్ని ఒక్కడే కీబోర్డుల మీద వాయించి రికార్డు చేశాడు. ఆ బ్యాండ్ పాట ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పద్దెనిమిది నిమిషాలూ కదలకుండా విన్నాను. మధ్యలో చర్చి ఆర్గాన్ వచ్చినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఆ వేగం చూస్తే నాకు జంట వరసలు మూడు కాలాల్లో పాడించడం గుర్తొచ్చింది. నిన్ను తెల్లవారుజామున లేపి హార్మోనియం ముందు కూర్చోబెడితే ఏడ్చేవాడివి. కాలేజీ వదిలినా ఆయన సాధన వదల్లేదు. నువ్వు రోజూ వాయిస్తున్నావా? లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని, నెమ్మదిగా? పబ్బులో వాయించింది సాధన లెక్కలోకి రాదు.

1974 సంగతి మాత్రం నీకు చెప్పి తీరాలి, తెలిసినా మళ్ళీ విను. తన సొంత ఆల్బమ్ ‘జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్’ స్టూడియోలో చెయ్యడానికి ఖర్చు తట్టుకోలేక జనవరి 18న రాయల్ ఫెస్టివల్ హాల్లో కచేరీలోనే రికార్డు చేశారు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, ఇంగ్లీష్ చేంబర్ క్వయర్ అనే బృందగాన బృందం, పక్కన రాక్ బ్యాండు, అంతా ఒకే వేదిక మీద. అన్నేళ్ళ శాస్త్రీయ శిక్షణ లేకపోతే అంతటి సంగీతం కూర్చగలిగేవాడా? ఆ రికార్డు ఇంగ్లండ్‌లో నంబర్ వన్ అయింది. ఆ మే నెలలోనే యెస్ బ్యాండ్ వదిలేశాడు, కొత్త పాటల తీరు నచ్చక. అప్పటికి ఇరవై ఐదేళ్ళు. జులైలో క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద కచేరీ చేశాడు, ఆ తర్వాత కొద్ది రోజులకే గుండెపోటు. ఇరవై ఐదేళ్ళకి, కార్తీ! తాగుడు, నిద్ర లేకపోవడం, ఊళ్ళు తిరగడం. ఆస్పత్రి మంచం మీదే ఇంగ్లండ్ పాత గాథల్లోని ఆర్థర్ రాజు కథకు సంగీతం రాయడం మొదలుపెట్టాడట. అది చదివి అందరూ మెచ్చుకుంటారు. నేను మాత్రం వాళ్ళమ్మ ఆ మంచం పక్కన ఎలా కూర్చుని ఉంటుందో అనుకున్నాను. మరుసటి ఏడాది ఆ ఆర్థర్ కథనే లండన్‌లోని వెంబ్లీలో మంచు మీద స్కేటింగ్‌తో ప్రదర్శించి బోలెడు డబ్బు పోగొట్టుకున్నాడు. తాగుడు మానింది 1985లో.

నువ్వు ఇరవై రెండులో ఉన్నావు. రాత్రి ఏ టైముకి పడుకుంటున్నావు? వేళకు తింటున్నావా? చలిలో చేతులకు గ్లౌజులు లేకుండా తిరగకు, వేళ్ళు బిగుసుకుపోతాయి. పబ్బులో వాళ్ళేం ఇచ్చినా తాగకు. లెక్చర్ ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను, చూడు ఎక్కడికి వచ్చానో.

మానేస్తే మానేశానని చెప్పు. నాన్నతో నేను మాట్లాడతాను. ఫీజు సంగతి కూడా మేం చూసుకుంటాం. నువ్వు చెప్పకుండా పవన్ నోట వినడమే నాకు కష్టంగా ఉంది. ఆ పబ్బులో నువ్వేం వాయించావో కూడా వాడు చెప్పలేకపోయాడు. నేనుంటే చెప్పేదాన్ని.

సున్నుండలు, కందిపొడి, గోంగూర పచ్చడి సర్ది పెట్టాను. నాన్న నీకోసం ఉన్ని గ్లౌజులు కొన్నారు, వేళ్ళు సరిపోతాయో లేదోనని తన చేతికి తొడిగి చూసుకున్నారు. పార్సిల్ బుధవారం పంపాలి. హాస్టల్ అడ్రస్‌కే పంపమంటావా, వేరే ఏదైనా ఉందా? అదొక్కటి రాయి.

అమ్మ