భూమి కోసమే వెళ్తే, ఉన్న భూమి ఎందుకు తాకట్టు పెట్టారు?

సంపాదకులు గారికి,

ఆదివారం అనుబంధంలో క్రూసేడ్ల (జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు ముస్లింలతో చేసిన యుద్ధాల) వ్యాసం బాగుంది గానీ, ఆ యోధులంతా దోపిడీ కోసమే బయల్దేరారని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు మింగుడుపడలేదు.

1095 నవంబరులో ఫ్రాన్సులోని క్లెర్మాంలో పోప్ రెండో అర్బన్ పిలుపునిచ్చినప్పుడు చేసిన తీర్మానం పొలాలూ బంగారం ఇస్తామని కాదు, భక్తితో జెరూసలేం వెళ్తే ఆ ప్రయాణమే మొత్తం ప్రాయశ్చిత్తం కింద లెక్క అని, పేరు కోసమో డబ్బు కోసమో వెళ్తే చెల్లదని కూడా. కత్తి మీద బతికేవాడికి, నువ్వు చేసేది పాపమేనని చర్చి చెబుతూ వచ్చినవాడికి, అదే కత్తితో పాపం కడుక్కోవచ్చంటే ఎంత ఊరటో ఆలోచించండి. భుజం మీద గుడ్డ శిలువ కుట్టించుకుని నడిచారు.

ఖర్చు సంగతి? నార్మండీ డ్యూక్ రాబర్ట్ తన నార్మండీ మొత్తాన్ని 10,000 మార్కుల వెండికి సొంత తమ్ముడు, ఇంగ్లండ్ రాజు రెండో విలియంకే తాకట్టు పెట్టాడు. (తమ్ముడి దగ్గర అప్పంటే మనకీ తెలిసిన బాధే!) గాడ్‌ఫ్రీ అనే మరో ప్రభువు తన బూయాన్ కోటను లీయెజ్ నగర బిషప్‌కి రాసిచ్చాడు. బతికినవాళ్లలో చాలామంది జెరూసలేం చూసుకుని ఇంటికొచ్చేశారు. అంతియొకయ నగరాన్ని చేజిక్కించుకుని ఉండిపోయిన బోహెమాండ్ లాంటివాళ్లూ లేకపోలేదు.

అలాగని వాళ్లని వెనకేసుకు రావట్లేదు. 1099 జూలై 15న జెరూసలేంలో జనాన్ని ఊచకోత కోసి, ఏసు సమాధి ఉన్న చర్చికి ఆనందబాష్పాలతో వెళ్లి మొక్కుకుంది వీళ్లే. దొంగల కన్నా నాకు ఇదే ఎక్కువ భయం వేస్తుంది.

రెండో భాగం ఉంటే ఆ తాకట్టుల గురించీ రాయించండి.

– ఒక పాఠకుడు, విజయవాడ